సీసాలో ఎవరి కన్ను

మధ్యాహ్నం రెండూ ఇరవైకి రాధాకుమారి మార్కాపురంలోని ఆ ల్యాబు మెట్లెక్కేసరికి ప్రవీణ్ కుమార్ అప్పటికే లోపల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాలు మీద కాలు, ఒళ్లో ట్యాబు, మెడలో ఆసుపత్రి వాళ్లిచ్చిన బిళ్ల. ఆ కూర్చున్న తీరు చూడగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పదేళ్ల కిందట ఆమె సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నప్పుడు అతను ఆమె కింద ఎస్సై. ఇద్దరూ పోలీసు ఉద్యోగం వదిలేశారు. పైవాళ్లతో పడక ఆమె వదిలేస్తే, అంతకంటే మంచి కొలువు దొరికి అతను వదిలేశాడు. ఇప్పుడామె సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటోంది. అతను గిద్దలూరులోని నిశిత కంటి ఆసుపత్రికి విచారణాధికారి. ఆసుపత్రి మీద వచ్చిన ఫిర్యాదును ఆసుపత్రి జీతగాడే విచారిస్తాడట. దాన్ని విచారణ అని ఏ నోటితో అంటారో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

"రండి మేడం. మీరొస్తారని తెలుసు," అన్నాడతను. "కానీ లేటయింది. మూడింటికి శాంపిల్ నాకు అప్పజెప్పేస్తున్నారు. లెటరుంది."

"ఏ శాంపిలు?"

"గురుస్వామి కన్ను."

"దాన్ని ఏం చేస్తావు?"

"రూలు ప్రకారం డిస్పోజ్ చేస్తాం."

రాధాకుమారి వెనకే మెట్లెక్కి వచ్చిన గురమ్మ ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయింది. తర్లుపాడు పక్క పల్లె ఆమెది. డెబ్భై గొర్రెలు, ఒక మొగుడు, అదే ఆమె సంసారం. ఆ మొగుడి కుడి కన్నే ఈ ల్యాబులో మందునీళ్ల సీసాలో ఉంది. రాధాకుమారికి ఈ పని అప్పజెప్పింది ఆమే.

"నా మొగుని కన్ను పారేసేదానికి నువ్వెవరు నాయనా?" అంది గురమ్మ. గొంతు పెంచలేదు. అయినా ప్రవీణ్ కుమార్ కాలు మీది కాలు దింపాడు.

జరిగింది ఇదీ. రెండు నెలల కిందట గురుస్వామి కంటి లోపలి రెటీనా పొర ఊడింది. నిశిత ఆసుపత్రిలో డాక్టర్ మహేంద్ర ఆపరేషన్ చేసి, ఆ పొర మళ్లీ గోడకు అంటుకునేదాకా ఒత్తి పట్టి ఉంచడానికి కంటి నిండా సిలికాన్ నూనె నింపాడు. అదే రోజు, అదే బల్ల మీద, కంభం దగ్గరి ప్రభుదాస్ కూతురు సుప్రియకూ అదే ఆపరేషన్ చేశాడు. ఆరు వారాలకల్లా గురుస్వామి కంట్లో ఒత్తిడి పెరిగి గ్లకోమా వచ్చింది. చూపు పోయింది. నొప్పి ఓర్చుకోలేక గోడకు తల కొట్టుకుంటుంటే చివరికి కన్నే తీసేశారు. ఇప్పుడు సుప్రియకూ అదే మొదలైంది. ఇంటర్ చదివే పదిహేడేళ్ల పిల్ల. కుడి కంటి చూపు చిన్నప్పుడే పోయింది. మిగిలింది ఆ ఎడమ కన్ను ఒక్కటే.

గుంటూరులో డాక్టర్ కేథరిన్ నిన్న ఆ పిల్లను చూసింది. నూనె మంచిదైతే ఇంకో రెండు నెలలు కంట్లోనే ఉంచాలి, తొందరపడి తీస్తే పొర మళ్లీ ఊడుతుంది. నూనె కల్తీదైతే వెంటనే తీసెయ్యాలి, లేదంటే చూపునరం చచ్చిపోతుంది. తీసేసిన ఆ పెద్దాయన కంటి పరీక్షలో ఏం తేలిందో తెచ్చివ్వండి, దాన్నిబట్టి నేను తేల్చుకుంటానని చెప్పింది. రేపు గురువారం పొద్దున తొమ్మిదికి సుప్రియ గుంటూరులో ఉండాలి. ఆలోగా ఈ సీసా మాట్లాడాలి. ఆ సీసానే పారేస్తానని ఈ పెద్దమనిషి లెటరు పట్టుకుని కూర్చున్నాడు.

"పరీక్ష చేసే డాక్టరు శనివారం గదా వచ్చేది. రిపోర్టు రాకముందే పారేయడమేంది?" అంది రాధాకుమారి.

"రిపోర్టు అవసరం లేదు మేడం. మా ఎంక్వైరీ అయిపోయింది." ప్రవీణ్ కుమార్ ట్యాబు మీద వేలు జరిపి చదివాడు. "ఆపరేషన్ తర్వాత రెండు వారాలు బోర్లా పడుకోవాలని చెప్పినా రోగి వినలేదు. గొర్రెల వెంట తిరిగాడు. చుక్కల మందు ఇష్టమొచ్చినట్టు వాడాడు. అందువల్ల ఒత్తిడి పెరిగింది. తప్పు పూర్తిగా రోగిదే."

"ఎవురయ్యా నీకు చెప్పింది?" గురమ్మ లోపలికి వచ్చింది. "మంచానికి తలకాడ నులక సడలించి ఇంత బొక్క పెట్టినా, ఆయన మొగం దాంట్లో పెట్టి పడుకునేటట్టు. పద్నాలుగు దినాలు అట్లనే బోర్లా పడుకున్యాడు. కింద కూచోని సంగటి ముద్దలు నోటికి అందించినా. గొర్రెలు మా మరిది తోలుకపోయినాడు. నువ్వు మా ఇంటికి వచ్చి చూసినావా? ఆ మంచం ఇప్పటికీ అట్లనే ఉంది, పోయి చూడు."

వెళ్లలేదని ప్రవీణ్ కుమార్ మొహమే చెబుతోంది. మనిషి కన్ను పోగొట్టి, ఆ తప్పు కూడా ఆ మనిషిదేనని రాసేటప్పుడు ఆ ఊరికి ఒక్కసారి పోయి మంచం చూసొద్దామన్న ఇంగితం కూడా లేకపోయింది.

"గురమ్మక్కా, కన్ను తీసేయకముందు దాంట్లో నీకేం కనపడింది? ఈయనకు కూడా చెప్పు," అంది రాధాకుమారి.

"నల్లగుడ్డు పైపక్కన తెల్లగా గీత. పాల మీద మీగడ మాదిరి."

"పైనా, కిందనా?"

"పైన్నే. వంగితే జరిగేది, లేస్తే మళ్లా పైకి పోయేది."

"అది చీము మేడం. ఇన్ఫెక్షన్. మా డాక్టరు కేస్ షీట్‌లో రాశాడు," అన్నాడు ప్రవీణ్ కుమార్.

"చీము బరువు. అడుగుకు దిగుతుంది. నూనె తేలిక, పైకి తేలుతుంది. చారు కాచే ఆడదాన్ని ఎవర్ని అడిగినా చెప్తుంది. కంట్లో పోసిన నూనె చిన్న చిన్న బొట్లుగా పగిలి ముందుకొచ్చి పైన చేరింది. కంట్లో రోజూ ఊరే నీరు బయటికి పోయేదానికి జల్లెడ లాంటిది ఒకటుంటుంది. ఈ బొట్లు పోయి దాన్ని పూడ్చినాయి. నీరు పోయే దారిలేక ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది. మంచి నూనె అట్ల పగలాలంటే నెలలు పడుతుందని కేథరిన్ డాక్టరమ్మ చెప్పింది. ఇది ఆరు వారాలకే పగిలింది. సుప్రియ కంట్లో కూడా ఆదివారం నుంచి అదే గీత కనపడుతోంది. ఆ పిల్ల కూడా గొర్రెల వెంట తిరిగిందా ప్రవీణూ?"

"ఇద్దరికీ వేసింది కంపెనీ నూనే. స్టిక్కర్లున్నాయి."

"ఉన్నాయి. ఇద్దరి డిశ్చార్జి కాగితాల మీద అంటించిన స్టిక్కరు నంబరు ఒకటే. ఒక సీసా ఒక మనిషికే అని ఆ స్టిక్కరు మీదే రాసుంది. ఇద్దరికీ చాలినంత నూనె ఒక్క సీసాలో ఎక్కడినుంచి వచ్చింది? దేంతో నింపినారు?"

అతను ట్యాబు మూసేశాడు.

"మీరు ఎప్పుడూ ఇంతే మేడం," అన్నాడు. "పెద్దవాళ్లను తప్పుపట్టడం మీకు అలవాటు. అందుకే యూనిఫాం పోయింది."

"నా యూనిఫాం నేను విప్పినా. నువ్వు నీది అమ్ముకున్యావు. పని చూద్దాం పద." ఆమె లోపలి గది వైపు తిరిగింది. "రేణుకా."

ల్యాబు టెక్నీషియన్ రేణుక తెర వెనక నుంచి వచ్చింది. ముప్ఫై దాటని మనిషి. ఇంతసేపూ అక్కడే నిలబడి అంతా వింటోందని, అడక్కముందే చేతిలో పట్టుకొచ్చిన రిజిస్టరు చూస్తేనే తెలుస్తోంది. ఈ ల్యాబుకు వచ్చే పనిలో సగం నిశిత ఆసుపత్రి నుంచే వస్తుంది. పైగా ఆ పిల్ల తండ్రి పక్షవాతంతో మంచాన ఉన్నాడు. ఇవన్నీ రాధాకుమారి నిన్ననే విచారించి పెట్టుకుంది.

"కన్ను ఇక్కడికి ఎప్పుడు వచ్చింది?"

"పోయిన మంగళవారం పన్నెండున్నరకు మేడం."

"కోసింది?"

"శనివారం. ఒంగోలు నుంచి పెద్ద డాక్టరు వచ్చి కోసినాడు. నేను పక్కనే ఉన్నా."

"తర్వాత సీసా బయటికి పోయిందా?"

రేణుక ప్రవీణ్ కుమార్ వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు.

"ఆయన్ని చూడొద్దమ్మాయ్. రిజిస్టరు చూసి చెప్పు."

"సోమవారం పోయింది. ఫోటోలు తీయాలని ఆసుపత్రి డ్రైవరు తీసుకపోయినాడు. మహేంద్ర సారు కింద కార్లోనే కూచోని ఉన్నాడు. పోయింది పదకొండూ పది. తిరిగొచ్చింది పన్నెండూ నలభై."

"తొంభై నిమిషాలు. ఆ ఫోటోలు ఎక్కడ తీసినారు ప్రవీణూ?"

"ఆసుపత్రిలో. కెమెరా, సెటప్ అంతా గిద్దలూరులోనే ఉంది."

"ఇక్కడినుంచి గిద్దలూరు అరవై కిలోమీటర్లు. పోవడానికే గంటకు పైన పడుతుంది. పోయి, ఫోటోలు తీసి, తిరిగి రావడం తొంభై నిమిషాల్లో ఎట్ల అయింది? మీ డాక్టరుకు రెక్కలున్నాయా?"

సోమవారం ఆ కారు మార్కాపురం దాటనే లేదు. తొంభై నిమిషాల్లో ఈ ఊళ్లోనే ఏదో చేశారు. ఏం చేశారో తెలియాలంటే సీసా తెరవాలి.

"సీసా తీసుకురా," అంది రాధాకుమారి.

"అది ఆసుపత్రి ప్రాపర్టీ మేడం. ముట్టుకోవడానికి వీల్లేదు," అంటూ ప్రవీణ్ కుమార్ లేచి అడ్డం వచ్చాడు.

"తన కన్ను తనకే ఇవ్వాలని గురుస్వామి వేలిముద్ర వేసిన కాగితం గురమ్మక్క కొంగులో ఉంది. కన్ను ఆయనది. నీ ఆసుపత్రికి దాని మీద ఏం హక్కు? తప్పుకో. లేకపోతే వంద నంబరుకు ఫోన్ చేస్తా, వాళ్ల ముందరే తెరుద్దాం."

అతను తప్పుకున్నాడు. రేణుక చేతి తొడుగులు వేసుకుని, సీసా మూత తిప్పి, లోపలి ముక్కల్ని తెల్ల పళ్లెంలోకి తీసింది. సీసాలోని ఫార్మలిన్ మందు ఘాటుకు అందరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రెండు ముక్కలు. గుండ్రటి కాయను నిలువునా రెండు చెక్కలు చేసినట్టు సరిగ్గా సగం సగం. రాధాకుమారి వంగి చూసింది. ఒక చెక్క లోపలి గోడ మీద నీలం, పచ్చ కలిసిన మెరుపు. టార్చి వేసింది. ఆ మెరుపు తళుక్కుమంది.

ఆమె వెన్ను నిలబెట్టింది. దొనకొండ దగ్గర గొర్రెల మందలో పుట్టి పెరిగిన మనిషి. ఆ మెరుపు ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ మాట తన నోటితో కాక, చెప్పాల్సిన మనిషే చెప్పాలనుకుంది.

"గురమ్మక్కా, ఇటు రా. భయపడొద్దు. దీన్ని చూసి ఏందో చెప్పు."

గురమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. మొగుడి కన్ను చూడబోతున్నానన్న బెదురు ఆమె మొహంలో ఉంది. పళ్లెంలోకి చూసింది. బెదురు పోయింది. కొంగు కిందికి జారింది.

"ఇది గొర్రెదో మేకదో," అంది. "మడిసిది కాదు. చీకట్లో దీపం ఎయ్యంగానే మందంతా మెరిసేది ఈ మెరుపుకే. పుట్టినకాడి నుంచి చూస్తుండా. మడిసి కన్ను ఎక్కడన్నా మెరిసిందా?"



"మందు రంగేమో," అన్నాడు ప్రవీణ్ కుమార్. ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

"మందు రంగు కాదు సార్," అంది రేణుక. "పెద్ద డాక్టరు కన్నును సగం సగం కోయలేదు. మూడుగా కోసినాడు. నడిమి ముక్క పరీక్షకు తీసి, పక్క ముక్కలు రెండు సీసాలో వేసినాడు. సోమవారం తిరిగొచ్చింది ఇది. సైజు కూడా పెద్దది. నేను ఆ మధ్యాహ్నమే చూసినా. చూసి నోరు మూసుకున్నా."

గురమ్మ ఆమె వైపు చూసింది, తర్వాత ప్రవీణ్ కుమార్ వైపు.

"నా మొగుని కన్ను కుప్పలో పారేసి, గొర్రె తలకాయల అంగట్లో కన్ను తెచ్చి ఆయన పేరు రాసినారా? గొర్రెలు కాసేటోళ్లం గదా, ఏది పెట్టినా చాల్లే అనుకున్యారా? మా గొర్రె సచ్చినా ఎందుకు సచ్చిందో డాక్టరు కోసి చూసి చెప్తాడు. మా మడిసికి అదన్నా లేదా?"

ప్రవీణ్ కుమార్ పళ్లెం దగ్గర నుంచి వెనక్కి జరిగాడు. "నాకు తెలీదు మేడం. ఒట్టు. లెటర్ ఇచ్చి తెమ్మన్నారు, వచ్చాను."

"తెలుసుకోకుండా ఉండేదానికే నీకు జీతమిస్తున్నారు," అంది రాధాకుమారి. ఆమె ఒళ్లంతా మండుతోంది. ఎంత చులకన. గోతిలో పాతిపెట్టి ఉంటే కనీసం దొంగతనమని సిగ్గుపడ్డారనుకోవచ్చు. ఒక కంటి డాక్టరు, మనిషి కంటికీ మేక కంటికీ తేడా తెలిసిన మనిషి, ఎవడొచ్చి చూస్తాడులే అని ఈ పని చేశాడు.

అయితే కోపంతో కన్ను తిరిగి రాదు. గడియారం రెండూ యాభై ఐదు చూపిస్తోంది. అసలు కన్ను పోతే రేపు కేథరిన్ ముందు పెట్టడానికి ఏముంది? రాధాకుమారి రేణుక చెప్పిన మాటలు మళ్లీ ఒక్కొక్కటే నెమరేసుకుని, ఒక చోట ఆగింది.

"రేణుకా, నడిమి ముక్క తీసినారన్నావే. అదెక్కడుంది?"

రేణుక లోపలికి పోయి, తన భోజనం సంచిలోంచి ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె తెచ్చింది. లోపల వేలి గోరంత మైనం దిమ్మ, దాని పక్కన రెండు గాజు స్లైడ్లు.

"ఆ నడిమి ముక్కను శనివారమే మైనంలో పెట్టేసినాం మేడం. సోమవారం డ్రైవరు 'అంతా ఇదేనా' అన్నాడు. సీసా వరకే అడిగినాడులే అని తలూపినా. వాళ్లకు మైనం సంగతి తెలీదు. నిన్న పలచగా కోసి స్లైడ్లు చేసి రంగు వేసినా. శనివారం పెద్ద డాక్టరు వస్తే చూపిద్దామని దాచిపెట్టినా. ఈలోగా ఉద్యోగం పోతే పోయిందిలే అనుకున్నా."

రాధాకుమారి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. మెచ్చుకోలు మాటలు ఆమెకు చేతకావు. "మైక్రోస్కోపు కింద పెట్టు," అంది.

రేణుక స్లైడు పెట్టి, కంటిగాజుకు ఫోన్ ఆనించి ఫోటోలు తీసి కేథరిన్‌కు పంపింది. ఐదు నిమిషాల్లో ఫోన్ మోగింది. రాధాకుమారి స్పీకరు నొక్కింది.

"ఇది ఆ పెద్దాయన కన్నేనా? ఖాయమేనా?" కేథరిన్ గొంతు గట్టిగా ఉంది.

"ఖాయం డాక్టరమ్మా. కోసేటప్పుడు పక్కనే ఉండి, స్లైడ్లు చేసిన పిల్ల ఇక్కడే ఉంది."

"నీరు బయటికి పోయే జల్లెడ చూడండి. అంతా గుండ్రటి గుంటలే. మైనంలో పెట్టేటప్పుడు నూనె కరిగిపోతుంది, అది ఉన్న చోటు గుంటగా మిగులుతుంది. రెటీనా లోపల గుంటలు, నరం లోపల కూడా గుంటలు. రెండేళ్లు నూనె వదిలేసిన కన్ను కూడా ఇట్లా ఉండదు. ఇది వైద్యానికి వాడే నూనె కానే కాదు. ఆ అమ్మాయి విషయంలో ఇక అనుమానం లేదు. రేపు కాదు, ఇవాళే తీసుకురండి. రాత్రి ఎంతయినా సరే థియేటరు తెరిచి ఉంచుతాను. నూనె ఈరోజు తీస్తే చూపు నిలుస్తుంది."

గురమ్మ రెండు చేతులూ ఎత్తి కనపడని ఆ డాక్టరమ్మకు దణ్ణం పెట్టింది. తన మొగుడికి దక్కనిది ఆ పిల్లకన్నా దక్కుతుందని ఆమె కళ్లు తుడుచుకుంది.

రాధాకుమారి వెంటనే ప్రభుదాస్‌కు ఫోన్ చేసింది. మూడూ పన్నెండు.

"ప్రభుదాసన్నా, పాపను తీసుకుని వెంటనే బయలుదేరు. కంభంలో నేను వచ్చి ఎక్కించుకుంటా."

"మేము గిద్దలూరులో ఉండాము గదమ్మా," అన్నాడు ప్రభుదాస్. అతని గొంతులో కొంచెం సంతోషం కూడా ఉంది. "ఆసుపత్రి వ్యాను ఒంటిగంటకు ఇంటికే వచ్చింది. గుంటూరు దాకా ఎందుకు పోతారు, ఆ నూనె మేమే తీసేస్తామన్నారు. దేవుడు వాళ్ల మనసు మార్చినాడనుకున్నా. పాపను ఇందాకే లోపలికి తీసుకపోయినారు. పొద్దున్నే సారొచ్చి సంతకం కూడా తీసుకపోయె."

"ఏ సారు?"

"పేరు తెలీదమ్మా. మెడలో బిళ్ల, చేతిలో పలక మాదిరి ట్యాబు."

రాధాకుమారి తల తిప్పింది. ప్రవీణ్ కుమార్ గోడకు ఆనుకుని ఉన్నాడు.

"అది చెకప్ ఫారం మేడం," అన్నాడు. "అట్లాగే చెప్పి ఇచ్చారు. పెన్సిలుతో ఇంటూ పెట్టి ఉంది. ఇంటూ ఉన్న చోట సంతకం చేయించాను."

"చదివినావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

బ్యాంకులో, మండలాఫీసులో, ఆసుపత్రిలో ఎక్కడైనా ఇంటూ గుర్తు కనపడితే సంతకం పెట్టడమే. పైన ఏం రాసుందని అడిగితే గుమాస్తాకు కోపమొస్తుందని జనానికి భయం. ప్రభుదాస్‌కు ఇంగ్లీషు రాదు, అతన్ని ఏమనగలం. పన్నెండేళ్లు ఎఫ్ఐఆర్‌లు రాసిన ఈ మనిషికి ఏం పుట్టింది?

"ఆ ఫారం ఫోటో ఉందా?"

ట్యాబు ఆమె చేతికొచ్చింది. ఒక పేజీ ఇంగ్లీషు. ఆమె చదివింది, రెండో వరుస దగ్గర మళ్లీ చదివింది. తర్వాత అందరికీ వినపడేలా తెలుగులో చెప్పింది.

"నొప్పి తగ్గని, చూపు వచ్చే ఆశలేని ఎడమ కన్నును పూర్తిగా తొలగించడానికి నా సమ్మతి. ఆపరేషన్ సమయం మూడూ ముప్ఫై."



"ఆ పిల్లకు చూపుండేదే ఆ కంట్లో," అంది రాధాకుమారి. ఆమె గొంతు ప్రవీణ్ కుమార్ ఎన్నడూ విననంత నెమ్మదిగా ఉంది. "గురుస్వామి కన్ను మాయం చేసినారు. ఆ నూనె ఇంకొక్క చోటే ఉంది, ఆ పిల్ల కంట్లో. అందుకని దాన్ని కూడా తీసేస్తున్నారు. నీ చేతులతో సంతకం తెప్పించుకుని."

ప్రవీణ్ కుమార్ జేబులోంచి కారు తాళం తీసి ఆమెకు అందించాడు. గంటకు పైన పట్టే దారి. ఉన్నది పదిహేను నిమిషాలు. ఆమె తాళం వైపు చూడలేదు.

"గిద్దలూరు స్టేషన్‌లో నీకు తెలిసినోళ్లు ఉంటారు గదా. ఫోన్ కలుపు. ఇప్పుడే," అని అతనికి చెప్పి, తన ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది. "ప్రభుదాసన్నా, జాగ్రత్తగా విను. వాళ్లు తీసేది నూనె కాదు. కన్ను. నువ్వు పెట్టిన సంతకం కన్ను తీసేదానికి. ఆ సంతకం నీది, వద్దని చెప్పే హక్కు కూడా నీదే. పోయి ఆపరేషన్ గది తలుపుకు అడ్డం పడుకో. అరువు. పాపను బయటికి పిలువు."

అవతల నుంచి చెప్పులు నేలకు కొట్టుకుంటూ పరుగెత్తిన చప్పుడు, చేత్తో తలుపు బాదిన చప్పుడు, కూతుర్ని పేరు పెట్టి పిలిచిన చప్పుడు.

"అమ్మా," అన్నాడు ప్రభుదాస్, "లోపల గడి పెట్టినారు. బిడ్డ పలకడం లేదు. తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతా ఉంది."